రెండు పడవలను కలిపి కడదాం

మాకంటే ముందు ఈ వరండాలో ట్రంకుపెట్టె పక్కన చాప వేసుకుని పడుకున్న అన్నలారా, అక్కలారా! మన బాలుర, బాలికల హాస్టళ్ళు కలిసి తెస్తున్న ఈ వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఒక వ్యాసం రాయమని అడిగారు. మేము 2018 మార్చిలో ఇక్కడి నుంచి పదో తరగతి పరీక్ష రాసినవాళ్ళం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ మెమో చేత పట్టుకున్న మొదటివాళ్ళం మేమే. కాబట్టి చదువు గొప్పతనం గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామనే మొదట అనుకున్నాం.

కానీ పోయిన నెల హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడు ఒకడు మమ్మల్ని గేటు దగ్గర ఆపాడు. "అన్నా, నేను జిల్లా ఖోఖో టీంకు సెలెక్ట్ అయిన. క్లాసు సారేమో వచ్చే ఏడు పది ఉంది, ఆట బంద్ చెయ్యి అంటుండు. పీఈటీ సారేమో ఇప్పుడు బంద్ చేస్తే మళ్ళ రాదు అంటుండు. మా నాయినను అడిగితే నాకేం ఎరుక బిడ్డా, చదువుకున్నోళ్ళను అడుగు అన్నడు. నేనేం చెయ్యాలె?" అని అడిగాడు.

చదువుకున్నవాళ్ళం అంటే మేమే గదా! ఆ రోజు మేము నలుగురం ఉన్నాం. నలుగురం నాలుగు జవాబులు చెప్పాం. వాడు ఇంకా అయోమయంతో లోపలికి వెళ్ళిపోయాడు. బస్సెక్కిన తరువాత మాలో మాకే సిగ్గు అనిపించింది. వాడికి ఇవ్వలేకపోయిన జవాబును ఇప్పుడు అందరి ముందూ పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలో పడతాడని మన పెద్దలు అంటారు. చదువూ ఆటా రెండూ అన్నవాడికి అందరూ చెప్పే మాట ఇదే. ఆ మాట అబద్ధం అని మేము అనడం లేదు. అయితే కృష్ణలో బల్లకట్టును చూసినవాళ్ళకు ఇంకో సంగతి కూడా తెలుసు. రెండు పడవలను పక్కపక్కన పెట్టి, పైన బల్లలు పరిచి బిగించి కడితే దాని మీద మనుషులే కాదు, ఎడ్లబండి కూడా ఏరు దాటుతుంది. విడివిడిగా ఉన్న పడవల మీద నిలబడితే పడతారు. కలిపి కట్టేవాళ్ళు ఉంటే పడరు. మరి కట్టే పని ఎవరిది? ఒంటరిగా నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్లవాడిదా, ఒడ్డున ఉన్న మనందరిదా? మా ప్రశ్న అదే.

మా బ్యాచ్‌లో ఒక కబడ్డీ ఆటగాడు ఉండేవాడు. పేరు రాయడం లేదు. ఇది చదివితే తన గురించేనని తనకు తెలుస్తుంది. రైడ్‌కు వెళితే ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు. పదో తరగతిలో ఉండగా మండలం, జిల్లా దాటి రాష్ట్ర స్థాయికి వెళ్ళాడు. క్యాంపు, పోటీలు కలిపి మూడు వారాలకు పైగా బడికి రాలేదు. తిరిగి వచ్చేసరికి లెక్కల్లో సరూప త్రిభుజాలు అయిపోయాయి, త్రికోణమితి సగం అయిపోయింది. క్లాసులో అడుగు పెట్టగానే "ఇన్నాళ్ళు ఎక్కడ తిరిగొచ్చినవ్?" అన్న ప్రశ్న ఎదురైంది. మేము ఏం చేశాం? "స్టేట్ ప్లేయర్ వచ్చిండురో" అని వెనక బెంచీ నుంచి నవ్వాం. రాత్రి స్టడీ అవర్‌లో వాడు నోట్సు అడిగితే, రేపు టెస్టు ఉంది, ఎల్లుండి తీసుకో అన్నాం. ఆ ఎల్లుండి రాలేదు.

మార్చిలో వాడు లెక్కలు ఒక్కటే తప్పాడు. జూన్‌లో సప్లిమెంటరీ ఉండగా ఫీజు కట్టలేదు. హాస్టల్‌లో తప్పినవాడికి సీటు లేదు, ఇంట్లో లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. ఆటే తిండి పెడుతుందని పట్నం పోయి ఒక క్లబ్బులో చేరాడు. రెండో ఏడు మోకాలు దెబ్బతిన్నది. ఆపరేషన్‌కు డబ్బు లేదు, ఊరికి తిరిగి వచ్చాడు. ఇప్పుడు గోదాములో బస్తాలు లెక్క రాస్తున్నాడు. మొన్న దసరాకు కలిసినప్పుడు మేము కబడ్డీని తిట్టబోతే వాడు ఆపాడు. "ఆట నన్ను ముంచలేదురా. ఒక్క సబ్జెక్టు ముంచింది. అప్పుడు ఎవలన్న ఒకలు కూసోబెట్టి చెప్తే అయిపోతుండె" అన్నాడు. మేమెవ్వరం తల ఎత్తలేకపోయాం. ఆ 'ఎవలన్న ఒకలు' మేమే కావలసింది.

ఆట కోసం చదువు చెడింది అని ఊరంతా అనుకున్న కథ ఇది. దగ్గర నుంచి చూసిన మాకు తెలిసింది వేరు. ఆ మూడు వారాల పాఠాలను తిరిగి చెప్పే ఏర్పాటు ఎక్కడా లేకపోవడమే దానిని చెడగొట్టింది.

బడి క్యాలెండరును ఒకసారి చూడండి. మండల, జిల్లా పోటీలు వానాకాలంలో మొదలవుతాయి. రాష్ట్ర, జాతీయ స్థాయి స్కూల్ గేమ్స్ ఎక్కువగా చలికాలంలో వస్తాయి. పదో తరగతి సిలబస్ పరుగులు పెట్టేది కూడా సరిగ్గా అప్పుడే. ఇక రోజు సంగతి తీసుకుంటే, సాయంత్రం నాలుగున్నర తరువాత గ్రౌండు ఖాళీగా, ఎండ తగ్గి ఉంటుంది. స్పెషల్ క్లాసు పెట్టేదీ అప్పుడే. బాలికల హాస్టల్‌లో ఇంకా కష్టం. చీకటి పడకముందే గేటు వేస్తారు, తెల్లవారకముందు తీయరు. మా తోటి చెల్లెలు ఒకామె 800 మీటర్లు చక్కగా పరుగెత్తేది. ఆమెను ఎవరూ పరుగు మానమని చెప్పలేదు. గేటు వేళలూ స్పెషల్ క్లాసులూ కలిసి మాన్పించాయి.

అయినా రెండూ సాధ్యమేనా అని అడిగేవారికి మన కుటుంబం నుంచే సాక్ష్యం ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్, ఇద్దరూ అప్పటి సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణ అప్పుడు తొమ్మిదో తరగతి. భువనగిరి బండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్‌కు, లద్దాఖ్‌కు సాగింది. అన్ని నెలలు క్లాసుకు దూరంగా ఉన్న పిల్లను ఎవరూ బడి నుంచి తీసివేయలేదు. బడే పంపింది, బడే తిరిగి చేర్చుకుంది. ఎవరెస్టు తరువాత ఆమె ఇంటర్, డిగ్రీ చదివింది. 2022లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కడమూ పూర్తి చేసింది. అందరూ పూర్ణ గుండె ధైర్యాన్నే చెబుతారు. అది నిజమే. కానీ ఆ ధైర్యం వెనుక ఒక సంస్థ తాడు పట్టుకుని నిలబడింది. మనం నేర్చుకోవలసింది ఆ సంగతి కూడా.

వరంగల్ ప్రాంతంలోని కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజిని చూడండి. కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. మానసిక ఎదుగుదలలో వెనుకబాటు ఉందని ఊళ్ళో ఎగతాళి చేశారు. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం తెచ్చింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం సాధించింది. ఆమె ప్రతిభ మొదట ఒక వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడింది. అంటే బడి ఉండబట్టి, బడిలో పీఈటీ ఉండబట్టి. ఆ పోస్టు ఖాళీగా ఉన్న బడిలో అలాంటి పిల్ల ఉంటే ఎవరి కంట పడాలి?

ఇక్కడ మన పెద్దన్నలు కొందరు చెప్పే అభ్యంతరాన్ని గౌరవంగానే తీసుకుంటున్నాం. "ఆటలు ఉన్నోళ్ళకు తమ్మీ, మనకు చదువొక్కటే ఆస్తి. బాబాసాహెబ్ చదివే గదా అంత ఎదిగింది" అంటారు. ఈ మాటలో బలం ఉంది. వి.వి.ఎస్. లక్ష్మణ్ వైద్య విద్య వైపు వెళ్ళకుండా క్రికెట్‌ను ఎంచుకున్నాడు. ఆయన తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. క్రికెట్ కలిసి రాకపోయి ఉంటే తిరిగి రావడానికి ఇల్లుంది, పుస్తకం ఉంది. మనవాడు ఆటలో ఓడితే తిరిగి వచ్చేది కూలి అడ్డాకే. ఒకే సాహసం ఇద్దరు చేసినా ఇద్దరికీ ఒకే ధర పడదు. అందుకే చదువు వదిలి ఆటకు పోండి అని మేము ఎవ్వరికీ చెప్పం. ఏ అకాడమీ వాళ్ళు వచ్చి ఎన్ని ఆశలు చూపినా సరే, పదో తరగతి మెమో చేతికి రాకుండా బడి వదలకండి. ఇది మా గట్టి మాట.

అయితే ఆ పెద్దన్నలను మేము ఒకటి అడుగుతున్నాం. మన పిల్లలకు ఆట కూడా ఆస్తి కావడానికి ఏం అడ్డం? స్పోర్ట్స్ కోటా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆటగాళ్ళ సర్టిఫికెట్లకు వేర్వేరు ఫారాలు ఉన్నాయి. అంతర్జాతీయ పోటీలకు ఒకటో ఫారం, జాతీయ పోటీలకు రెండు, యూనివర్సిటీల మధ్య పోటీలకు మూడు, జాతీయ స్కూల్ గేమ్స్‌కు నాలుగు. బడిలో ఉండగా రాష్ట్రం తరఫున ఆడిన ఆట కూడా కాగితం మీద విలువ ఉన్నదే. కానీ ఆ ఫారం ఒక్కటే చాలదు. కోటాలో రైల్వేలో కింది స్థాయి కొలువుకైనా కనీసం పదో తరగతి అడుగుతారు. చదువు లేకుండా ఆట సర్టిఫికెట్ సగం తాళంచెవి.

పెద్ద ఆటగాళ్ళకు ఆ నిబంధన వంగుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇవ్వడానికి డిగ్రీ నిబంధన సడలించింది. ఇంటర్ చదివిన సిరాజ్ డీఎస్పీ అయ్యాడు. ఆటో డ్రైవర్ కొడుకుకు దక్కిన ఆ గౌరవం చూసి మేమూ సంతోషించాం. కానీ ప్రపంచ కప్ గెలిచినవాడికి వంగిన నిబంధన రాష్ట్ర స్థాయి కబడ్డీ ఆడినవాడికి వంగదు. ఆడేవాళ్ళలో ప్రపంచ కప్ దాకా పోయేది ఏ కొద్దిమందో. మిగిలినవాళ్ళను ఒడ్డుకు చేర్చేది మెమోనే.

ఇక కంచం మాట. తెలంగాణలో 2024 చివర మెస్ ఛార్జీలు పెంచారు. 3 నుంచి 7 తరగతుల వరకు నెలకు 950 రూపాయలు ఉన్నది 1,330 అయింది. 8 నుంచి 10 వరకు 1,100 ఉన్నది 1,540 అయింది. మేమున్నప్పటికంటే చాలా నయం, కాదనం. లెక్క వేస్తే 1,540 అంటే రోజుకు 51 రూపాయలు. మధ్యాహ్నం బడిలో పెట్టే భోజనం వేరనుకున్నా, పొద్దున టిఫిన్, సాయంత్రం గుగ్గిళ్ళు, రాత్రి అన్నం ఆ 51లోనే రావాలి. కూర్చుని చదివేవాడికీ, పొద్దున ఐదుకు లేచి పది రౌండ్లు కొట్టేవాడికీ ఒకటే గరిటె.

మరోవైపు 2018లో మొదలైన ఖేలో ఇండియా ఉపకార వేతనం కింద ఎంపికైన క్రీడాకారుడికి ఏడాదికి 6.28 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. అందులో చేతి ఖర్చుకే నెలకు 10,000. మంచిదే. కానీ అది గెలిచి ఎంపికైన తరువాత వచ్చేది. ఎంపిక కావాలంటే ముందు కండ ఉండాలి. ఆ కండ పట్టే వయసులో మన పిల్లవాడి చేతికి 51 రూపాయల కంచమే వస్తుంది. పాలు గెలిచాక కాదు, గెలవడానికి కావాలి.

పరీక్షల విషయంలోనూ ఇదే తేడా. సీబీఎస్ఈ బోర్డు 2018 నుంచి జాతీయ, అంతర్జాతీయ పోటీల తేదీలు పరీక్షతో ఢీకొన్న ఆటగాళ్ళకు మరో తేదీన పరీక్ష రాసే వీలు కల్పించింది. మన పిల్లలు ఎక్కువమంది చదివేది రాష్ట్ర బోర్డులో. ఇక్కడ పరీక్ష పోతే మిగిలేది సప్లిమెంటరీ. అది తప్పినవారికి పెట్టిన పరీక్ష. బాసర ఆర్జీయూకేటీలో సీటు కావాలంటే పదో తరగతి మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. సప్లిమెంటరీలో గట్టెక్కినవాడికి ఆ తలుపు తెరుచుకోదు. రాష్ట్రం జెర్సీ వేసుకుని ఆడి వచ్చినవాడిని తప్పినవాడి వరుసలో నిలబెట్టడం న్యాయమా?

కాబట్టి ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. ఒకటి, పోటీలకు పోయిన రోజులను హాజరుగానే రాయాలి, పరీక్ష తేదీ ఢీకొంటే రాష్ట్ర బోర్డు కూడా మొదటి ప్రయత్నంగానే మరో తేదీ ఇవ్వాలి. రెండు, జిల్లా స్థాయికి ఎంపికైన రోజు నుంచే హాస్టల్ విద్యార్థికి అదనంగా గుడ్లు, పాలు, అరటిపండు మంజూరు చేయాలి. మూడు, మన పిల్లలు చదివే ప్రతి హైస్కూల్‌లో పీఈటీ పోస్టు నింపాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. పూర్వ విద్యార్థులందరం సంతకాలు చేసి ఈ వార్షికోత్సవం రోజునే వినతిపత్రం ఇద్దాం.

కానీ ప్రభుత్వం వినేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటే ఇంకో ఆటగాడు గోదాములో బస్తాలు లెక్క రాయవలసి వస్తుంది. హాస్టల్‌లోనే, పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవి ఉన్నాయి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ క్లాసులో ఒకరు పోటీలకు పోతే, పోయే రోజునే ఇంకొకరు తోడుగా పేరు ఇవ్వండి. కార్బన్ పేపర్ పెట్టి రాసినా సరే, వార్డెన్ గారి ఫోన్లో ఫొటో తీసి పంపినా సరే, ఆ రోజు పాఠం ఆ రోజే నోట్సుగా మారాలి. తిరిగి వచ్చిన వారం రోజులు స్టడీ అవర్‌లో పక్కన కూర్చుని చెప్పండి. చెప్పినవాడికి కూడా ఆ పాఠం రెండుసార్లు వస్తుంది, నష్టం లేదు. వెనక బెంచీ నవ్వు మాత్రం వద్దు. ఆ నవ్వు ధర ఎంతో మాకు తెలుసు.

ఆడేవాళ్ళకు రెండు మాటలు. ప్రతి పోటీ సర్టిఫికెట్‌ను అదే రోజు అడిగి తీసుకోండి, అసలును పెట్టెలో దాచి జిరాక్సులే చేతికి ఇవ్వండి. దెబ్బ తగిలితే దాచి ఆడకండి. మోకాలు ఒకసారి పోతే సప్లిమెంటరీ లేదు. క్యాంపుకు పోయేటప్పుడు బూట్ల సంచిలో లెక్కల పుస్తకం కూడా పెట్టుకోండి. రోజుకు గంట చాలు.

ఇక మేము, పూర్వ విద్యార్థులం. సలహాలు చెప్పి బస్సెక్కిపోయే పని ఇక చేయం. మా బ్యాచ్ నుంచి ఏడుగురం పేర్లు ఇస్తున్నాం, వార్డెన్ గారి ఆఫీసు గోడ మీద అంటిస్తున్నాం. ఈ జనవరి నుంచి మార్చి వరకు ప్రతి ఆదివారం ఇద్దరం వంతున వస్తాం. లెక్కలు, ఇంగ్లీషు, భౌతికశాస్త్రం మొదట ఆటలకు పోయి వచ్చినవాళ్ళకు చెప్తాం, తరువాత ఎవరు కూర్చున్నా చెప్తాం. పదిలో ఎవరైనా తప్పితే సప్లిమెంటరీ ఫీజు మాది, జూన్ దాకా చదువుకోవడానికి మా గదుల్లో చోటూ మాదే. మిగతా బ్యాచ్‌ల అన్నలు, అక్కలు కూడా ముందుకు రావాలని కోరుతున్నాం. బాలికల హాస్టల్ అక్కలు పొద్దున ఒక గంట తోడు వస్తే గేటు తీయించడానికి వార్డెన్ మేడమ్ గారిని మేమే వెళ్ళి అడుగుతాం.

గోదాములో ఉన్న మా మిత్రుడికి కూడా ఈ సంగతి చెప్పాం. వాడు ఓపెన్ స్కూల్‌లో పది కట్టడానికి ఒప్పుకున్నాడు. లెక్కలు మేము చెప్పాలని షరతు పెట్టాడు. మన పిల్లలకు ఆదివారం సాయంత్రం కబడ్డీ తాను నేర్పుతానన్నాడు. మోకాలు వంగకపోయినా, కాలు ఎక్కడ పెట్టాలో నోటితో చెప్పగలడు గదా!

కాబట్టి ఖోఖో ఆడే తమ్ముడూ, ఆ రోజు గేటు దగ్గర నీకు నాలుగు జవాబులు చెప్పినందుకు మన్నించు. ఇప్పుడు ఒక్కటే చెప్తున్నాం. జిల్లా టీంతో పో. నీ నోట్సు సంగతి మేము చూసుకుంటాం. తిరిగొచ్చిన ఆదివారం పుస్తకం పట్టుకుని వరండాలోకి రా. మేము అక్కడే ఉంటాం.